బయటి డిస్క్ డ్రైవ్: చిన్న ల్యాప్‌టాప్‌లు, విశాఖపట్నం అవసరాలు

సీడీ, డీవీడీ, బ్లూ-రే డిస్కులను చదవడానికీ, వాటి మీద రాయడానికీ కంప్యూటర్‌కు వెలుపల ఉంచి, యూఎస్‌బీ కేబుల్‌తో కలిపే సాధనం బయటి డిస్క్ డ్రైవ్. దుకాణాల్లో దీన్ని ఎక్స్‌టర్నల్ డీవీడీ రైటర్ అని అడుగుతారు. లోపల డిస్క్ డ్రైవ్ లేని చిన్న ల్యాప్‌టాప్‌లు, నెట్‌బుక్‌లు దీని ఆధారంతోనే డిస్కులను తెరవగలవు. ఫైళ్లు దాచుకోవడానికి వాడే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ వేరే వస్తువు. డిస్క్ డ్రైవ్ తనంతట తాను ఏమీ దాచుకోదు, పెట్టిన డిస్కును కాంతితో చదువుతుంది లేదా దాని మీద రాస్తుంది, అంతే.

విశాఖపట్నంలో ఈ పరికరం అవసరం ఇంకా తీరలేదు. 1933లో మొదలైన ఓడరేవు, 1941లో పునాది పడిన నౌకా నిర్మాణ కేంద్రం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉత్తరాంధ్ర అంతటికీ దిక్కయిన ఆసుపత్రులు ఒకే ఊళ్లో ఉన్నాయి. ఇలాంటి సంస్థల చుట్టూ బతికే ఊళ్లో యంత్రాల మాన్యువల్స్, డ్రాయింగులు, సముద్ర పటాలు, స్కాన్ చిత్రాలు, పరిశోధన గ్రంథాల సాఫ్ట్ కాపీలు 1990ల నుంచి దాదాపు రెండు దశాబ్దాలు డిస్కుల రూపంలోనే చేతులు మారాయి. ఆ డిస్కులు బీరువాల్లోనే ఉన్నాయి. వాటిని చదివే డ్రైవ్ మాత్రం కొత్త కంప్యూటర్లలో లేకుండా పోయింది.

డ్రైవ్ బయటికి వచ్చిన తీరు

ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి రూపొందించిన ఆడియో సీడీ 1982లో మార్కెట్లోకి వచ్చింది. 120 మిల్లీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం గల ఆ పాలికార్బనేట్ బిళ్ల కొలతలు డీవీడీకీ, బ్లూ-రేకీ అలాగే కొనసాగాయి. అందుకే ఒకే ట్రేలో మూడూ ఇముడుతాయి. మారిందల్లా లేజర్ కాంతి. సీడీకి 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి, డీవీడీకి 650, బ్లూ-రేకి 405 వాడతారు. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ గుర్తులను మరింత సన్నగా, దగ్గరగా రాయవచ్చు. అలా 700 మెగాబైట్ల సీడీ నుంచి ఒక పొరలో 4.7 గిగాబైట్లు పట్టే డీవీడీ, 25 గిగాబైట్లు పట్టే బ్లూ-రే వచ్చాయి.

ల్యాప్‌టాప్‌లలో అమర్చడానికి 12.7 మిల్లీమీటర్ల మందంతో, ఆ తర్వాత 9.5 మిల్లీమీటర్ల మందంతో సన్నటి డ్రైవ్‌లు తయారయ్యాయి. అంత మందానికీ చోటులేని యంత్రాలు 2007 నుంచి ఎక్కువయ్యాయి. ఆ ఏడాది అక్టోబరులో ఏసూస్ విడుదల చేసిన ఈఈఈ పీసీ తెర కేవలం ఏడు అంగుళాలు. 2008 జనవరిలో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనూ డ్రైవ్ లేదు. దానికి ఆపిల్ విడిగా ఒక యూఎస్‌బీ డ్రైవ్ అమ్మింది. 2008లో ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్ రావడంతో ఏసర్, హెచ్‌పీ, డెల్ నెట్‌బుక్‌లు భారతీయ మార్కెట్లో చవకగా దొరికాయి. ద్వారకానగర్ కంప్యూటర్ దుకాణాల్లో వాటిని కొన్న విద్యార్థులు తరగతి పుస్తకం వెనుక అట్టలో ఉన్న సీడీని తెరవాలంటే స్నేహితుడి డెస్క్‌టాప్ వెతుక్కోవాల్సి వచ్చేది. 2011 తర్వాత సన్నని అల్ట్రాబుక్‌లతో ఈ పద్ధతి స్థిరపడి, కొన్నేళ్లకే 14, 15 అంగుళాల మామూలు ల్యాప్‌టాప్‌ల నుంచి కూడా డ్రైవ్ మాయమైంది.

కరెంటు, పోర్టు

బయటి డ్రైవ్ లోపల ఉండేది ల్యాప్‌టాప్ కోసం తయారైన స్లిమ్ డ్రైవే. దాని సాటా కనెక్షన్‌ను యూఎస్‌బీకి మార్చే చిన్న సర్క్యూట్ బోర్డు, పైన ఒక ప్లాస్టిక్ పెట్టె అదనం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ దీన్ని సొంతంగానే గుర్తిస్తాయి కాబట్టి విడిగా డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించనక్కరలేదు. క్రోమ్‌బుక్ డేటా డిస్కులను చదువుతుంది, రాయదు. ఫోన్లు, టాబ్లెట్లు చాలావరకు దీన్ని గుర్తించవు.

వాడేవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కరెంటు. యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలన్నది ప్రమాణం. యూఎస్‌బీ 3.0 పోర్టు 900 ఇవ్వాలి. స్లిమ్ డ్రైవ్‌ల మీద చూస్తే 5 వోల్టులు, 1 ఆంపియర్‌కు పైగా అని ముద్రించి ఉంటుంది. మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలోనూ, లేజర్ డిస్కు మీద రాసే సమయంలోనూ డ్రైవ్‌కు ఎక్కువ కరెంటు కావాలి. అది అందకపోతే ట్రే తెరుచుకుంటుంది, డిస్కు తిరగబోయి ఆగుతుంది, టిక్కు టిక్కుమనే చప్పుడు వస్తుంది, కంప్యూటర్ తెర మీద డ్రైవ్ కనిపించి మాయమవుతుంది. చాలామంది దీన్ని డ్రైవ్ చెడిపోవడంగా భావించి తిప్పి ఇచ్చేస్తారు. నిజానికి చెడింది ఏమీ ఉండదు.

నెట్‌బుక్‌ల కాలంలో రెండు యూఎస్‌బీ తలలున్న కేబుల్ దీనికి పరిష్కారం. ఒక తల డేటా కోసం, రెండోది కేవలం కరెంటు కోసం. ఇప్పుడు ల్యాప్‌టాప్‌కు ఉన్న పోర్టుల్లో యూఎస్‌బీ 3.0 దాన్ని ఎంచుకోవడం, కేబుల్ పొడవు తక్కువగా ఉంచడం, సొంత అడాప్టర్ లేని హబ్‌ల జోలికి పోకపోవడం సరిపోతుంది. సీ-టైప్ పోర్టు ఒక్కటే ఉన్న యంత్రంలో ఛార్జర్‌కూ డ్రైవ్‌కూ పోటీ వస్తుంది. కరెంటు లోపలికి తీసుకునే దారి కూడా ఉన్న హబ్ అక్కడ తప్పనిసరి. తుపాను రోజుల్లో బ్యాటరీ మీద పని చేసేవారు డిస్కు తిరుగుతున్నంతసేపూ ఛార్జి వేగంగా తగ్గుతుందని లెక్కలో పెట్టుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటాక నగరంలో చాలా ప్రాంతాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి.

వేగం విషయంలో పెద్ద చింత లేదు. డీవీడీ వేగంలో ఒక ఎక్స్ అంటే సెకనుకు దాదాపు 1.385 మెగాబైట్లు. స్లిమ్ డ్రైవ్ గరిష్ఠంగా 8 ఎక్స్‌తో, అంటే సెకనుకు దాదాపు 11 మెగాబైట్ల వేగంతో చదువుతుంది. యూఎస్‌బీ 2.0కి అది తేలిక. అందువల్ల యూఎస్‌బీ 3.0 డ్రైవ్ కొంటే కరెంటు లాభమే కాని డీవీడీ వేగంలో తేడా ఉండదు. 12 మెగాబిట్ల పాత యూఎస్‌బీ 1.1 పోర్టు మాత్రం పనికిరాదు. అక్కడ నిండు డీవీడీ కాపీ కావడానికి గంటకు పైగా పడుతుంది.

ఆసుపత్రి సీడీలు

విశాఖలో సామాన్య కుటుంబానికి ఈ డ్రైవ్ అవసరం తరచుగా ఆసుపత్రి దారిలో ఎదురవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచీ, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచీ రోగులు కింగ్ జార్జ్ ఆసుపత్రికీ, మహారాణిపేట, రామ్‌నగర్ ప్రాంతాల ప్రైవేటు ఆసుపత్రులకూ వస్తారు. సీటీ, ఎంఆర్‌ఐ తీసిన స్కాన్ సెంటర్లు ఫిల్ముతో పాటు సీడీ ఇవ్వడం ఏళ్లుగా ఉన్న అలవాటు. ఆ సీడీలోని చిత్రాలు డైకామ్ అనే వైద్య ప్రమాణంలో ఉంటాయి. ఒక సీటీ ముక్క 512 నిలువు, 512 అడ్డం బిందువులతో, బిందువుకు రెండు బైట్ల చొప్పున దాదాపు అర మెగాబైటు ఉంటుంది. అయిదు వందల ముక్కల పరీక్ష దాదాపు 250 మెగాబైట్లే, కాబట్టి సీడీ దానికి చాలు. ఫిల్ము మీద ఎంపిక చేసిన కొన్ని ముక్కలే ఉంటాయి. డాక్టరు కాంతిని హెచ్చుతగ్గులు చేసి ఎముకనూ, మెత్తని కణజాలాన్నీ విడివిడిగా చూడగలిగేది సీడీలోనే.

ఈ సీడీని పెన్ డ్రైవ్‌లోకి మార్చేటప్పుడు తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. తెర మీద కనిపించిన బొమ్మను ఫోటోగా తీసి, మిగతాది వదిలేస్తారు. ఫోటోలో కొలతలూ, కాంతి మార్చే వీలూ పోతాయి. డైకామ్‌డిర్ అనే సూచిక ఫైలుతో సహా సీడీ మొత్తాన్ని ఒకే ఫోల్డర్‌లో కాపీ చేయాలి. సీడీలో వచ్చే వ్యూయర్ ప్రోగ్రామ్ సాధారణంగా విండోస్‌లోనే నడుస్తుంది. మ్యాక్, లినక్స్ వాడేవారు డైకామ్ చూపే మరో ప్రోగ్రామ్‌ను ఎక్కించుకోవాలి. దీర్ఘకాల వ్యాధులున్న వారికి ఐదేళ్ల కిందటి స్కాన్‌తో నేటి స్కాన్‌ను పోల్చడం చికిత్సలో భాగం. ఆ పాత సీడీ విలువ కాలంతో పాటు పెరుగుతుంది కాని తగ్గదు.

ఓడల మీద, కోర్టుల్లో డిస్కులు

సముద్ర పటాలు కాగితం నుంచి తెర మీదికి మారిన కాలంలో డిస్కులకు రేవుల్లో పెద్ద పాత్ర ఉండేది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2009లో చేసిన సవరణల ప్రకారం 2012 నుంచి 2018 వరకు దశలవారీగా వాణిజ్య నౌకలకు ఎలక్ట్రానిక్ పటాల వ్యవస్థ తప్పనిసరి అయింది. మన తీర జలాల పటాలను డెహ్రాడూన్‌లోని జాతీయ జల సర్వే కార్యాలయం తయారుచేస్తుంది. మునిగిన ఓడలు, ఓడలకు దారి చూపే కొత్త దీపాలు, లోతులో వచ్చిన మార్పులు పటంలోకి చేరాలి కాబట్టి సవరణలు వారం వారం వస్తాయి. సముద్రం మీద ఉపగ్రహ సమాచారం ఖరీదైన రోజుల్లో ఓడ రేవులో ఆగినప్పుడు ఈ సవరణల డిస్కులు పైకి చేరేవి. బ్రిటిష్ అడ్మిరల్టీ పటాల సేవ ఇలా సీడీ, డీవీడీల మీద విస్తారంగా నడిచింది. క్రమంగా ఆ పని ఇంటర్నెట్‌కు మారింది.

డిస్కుకు ఉన్న ఒక గుణం ఇక్కడ గుర్తించదగ్గది. ఒకసారి రాసి మూసేసిన డిస్కు మీదికి కంప్యూటర్‌లోని వైరస్ ఎక్కలేదు. పెన్ డ్రైవ్ అలా కాదు, ఎన్ని యంత్రాలకు గుచ్చితే అన్నిటి జబ్బునూ మోసుకొస్తుంది. 2021 జనవరి నుంచి ఓడల భద్రతా విధానాల్లో సైబర్ ముప్పును కూడా పరిగణించాలన్న నియమం అమల్లోకి వచ్చాక ఈ తేడాకు ప్రాధాన్యం పెరిగింది. అయితే డిస్కు రాసినప్పుడే అందులో చెడ్డ ఫైలు చేరి ఉంటే అది శాశ్వతంగా అక్కడే ఉంటుంది. కాబట్టి దానంతట అదే నడిచే ఆటోరన్‌ను ఆపి ఉంచడం మంచిది.

న్యాయస్థానాల్లోనూ డిస్కులు సాక్ష్యాలయ్యాయి. ఎన్నికల ప్రసంగాల సీడీలకు సంబంధించిన అన్వర్ వర్సెస్ బషీర్ కేసులో సుప్రీంకోర్టు 2014లో, సాక్ష్యాధార చట్టం 65బి సెక్షన్ కింద ధ్రువపత్రం లేని సీడీ చెల్లదని తీర్పు చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రంలో ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ కూడా రాయమంటుంది. కేసుతో సంబంధమున్న డిస్కును ఇంట్లో కాపీ చేసి అసలును పారేయడం ఎంతమాత్రం తగదు.

సినిమాలు, పాటలు, తెలుగు సాఫ్ట్‌వేర్

తెలుగు ఇళ్లలో ఎక్కువగా మిగిలినవి వీసీడీలు, పెళ్లి డీవీడీలు, భక్తిపాటల ఆడియో సీడీలు. వీసీడీలో సినిమా ఎంపెగ్-1 పద్ధతిలో ఉంటుంది. ఒక డిస్కులో 74 నుంచి 80 నిమిషాలు పడుతుంది కాబట్టి తెలుగు సినిమా రెండు, మూడు డిస్కుల్లో వచ్చేది. నోయిడాలో భారీగా డిస్కులు తయారుచేసిన మోజర్ బేర్ 2000ల రెండో సగంలో సినిమా డిస్కుల ధరను కాఫీ హోటల్ బిల్లు స్థాయికి దించింది. వీసీడీలోని ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్‌లో డాట్ అనే తోకతో ఉండే ఫైలును వీఎల్‌సీ ప్లేయర్ నేరుగా ఆడిస్తుంది. ఆడియో సీడీలో అసలు ఫైళ్లే ఉండవు, 44.1 కిలోహెర్ట్జ్ ధ్వని వరస మాత్రమే ఉంటుంది. దాన్ని లాగి కాపీ చేయడం కుదరదు. రిప్పింగ్ చేసే ప్రోగ్రామ్‌తో ఫైళ్లుగా మార్చుకోవాలి.

సినిమా డీవీడీలకు ప్రాంత సంకేతం ఉంటుంది. భారతదేశం ఐదో ప్రాంతం. అమెరికాలోని బంధువులు పంపిన డీవీడీ ఒకటో ప్రాంతానిది కావచ్చు. డ్రైవ్ ప్రాంతాన్ని ఐదుసార్లు మాత్రమే మార్చుకోవచ్చు, ఆ తర్వాత చివరిది స్థిరపడిపోతుంది. విండోస్ 8 నుంచి డీవీడీ సినిమా ఆడించే సౌకర్యాన్ని మైక్రోసాఫ్ట్ తొలగించింది. డ్రైవ్ బాగానే ఉన్నా సినిమా తెరుచుకోకపోవడానికి తరచూ ఇదే కారణం. కాపీ రక్షణను ఉల్లంఘన ఉద్దేశంతో ఛేదించడం 2012 సవరణతో కాపీరైట్ చట్టం 65ఎ సెక్షన్ కింద నేరమైంది.

తెలుగు కంప్యూటింగ్ చరిత్రలో కొంత భాగం కూడా డిస్కుల మీదే ఉంది. 2005లో కేంద్ర ప్రభుత్వం సీ-డాక్ ద్వారా తెలుగు ఖతులు, ఆఫీసు ఉపకరణాలతో ఉచిత సీడీ పంచింది. స్వేచ్ఛ సంస్థ తెలుగులో నడిచే లినక్స్‌ను లైవ్ సీడీగా తెచ్చింది. పీసీక్వెస్ట్, డిజిట్ వంటి మాసపత్రికలు ప్రతి నెలా సీడీ జతచేసేవి. యూనికోడ్ పూర్వపు ఖతులతో కూర్చిన పాత తెలుగు పుస్తకాల ఫైళ్లను నేడు తెరవాలంటే ఆ ఖతి ఉన్న పాత సీడీ అవసరం కావచ్చు. ప్రచురణకర్తలు, రచయితలు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

కొత్త ఓఎస్ ఎక్కించడం

డిస్కు నుంచి కంప్యూటర్ లేవడానికి ఎల్ టొరిటో అనే పద్ధతి 1995లో వచ్చింది. నెట్‌బుక్‌లో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టం) పాడైతే బయటి డ్రైవ్ కలిపి, స్విచ్ వేసిన వెంటనే బూట్ మెనూ కీ నొక్కాలి. డెల్, ఏసర్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఏసూస్‌లో ఎస్కేప్ కీ ఎక్కువగా పనిచేస్తాయి. 2009 నాటి విండోస్ 7 డిస్కు దగ్గర ఒక చిక్కు ఎదురవుతుంది. అందులో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ లేదు. డ్రైవ్‌ను నీలం రంగు 3.0 పోర్టుకు కలిపితే డిస్కు నుంచి లేచిన ఇన్‌స్టాలేషన్ కాసేపటికే సీడీ డ్రైవర్ దొరకలేదని ఆగిపోతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టుకు మారిస్తే ముందుకు సాగుతుంది. యూఈఎఫ్‌ఐ యంత్రాల్లో సెక్యూర్ బూట్ పాత డిస్కులను అనుమతించదు. విండోస్ 11 ఇమేజ్ 4.7 గిగాబైట్లు దాటడంతో మామూలు డీవీడీలో పట్టదు. కొత్త ఓఎస్‌లకు పెన్ డ్రైవే మేలు.

రాయడం సంగతి క్లుప్తం. 4.7 గిగాబైట్ల డీవీడీని విండోస్ 4.38గా చూపిస్తుంది. లెక్కించే పద్ధతి వేరు, డిస్కులో లోపం లేదు. రాసేటప్పుడు కేబుల్ కదిలితే డిస్కు వృథా. గరిష్ఠ వేగం కన్నా తక్కువ వేగంతో రాసి, చివర్లో వెరిఫై చేసి, డిస్కును ఫైనలైజ్ చేస్తే ఇతర యంత్రాల్లో చదవడం సులభం.

తేమ, ధూళి

డిస్కులను 4 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో, 20 నుంచి 50 శాతం తేమలో ఉంచాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో సూచించింది. విశాఖ తీరంలో ఈ పరిస్థితి ఏసీ గదిలో తప్ప దొరకదు. ఇక్కడి గాలి ఏడాది పొడవునా తేమగా, ఉప్పగా ఉంటుంది. ఫ్యాక్టరీలో అచ్చయిన సీడీ మెరిసే పొర సాధారణంగా అల్యూమినియంది. దాని మీద రక్షణగా ఉన్న లక్కర్ పూత చాలా పలుచన. అంచున పూత లేస్తే తేమ చేరి లోహం తుప్పుపట్టి, చిన్న చిన్న రంధ్రాలు పడతాయి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే అవి చుక్కలుగా కనిపిస్తాయి. ఇంట్లో రాసుకున్న డిస్కుల్లో సమాచారం ఉండేది రంగు పొరలో, అది ఎండకూ వేడికీ వెలిసిపోతుంది. డీవీడీలో సమాచార పొర రెండు 0.6 మిల్లీమీటర్ల బిళ్లల మధ్య ఉండడం వల్ల కాస్త భద్రం. సీడీ పేరు రాసే వైపు గీత పడితే, మెరిసే వైపు పడినదానికన్నా నష్టం ఎక్కువ. బాల్‌పెన్నుతో రాయకూడదు.

డ్రైవ్‌కు శత్రువు ధూళి. బొగ్గు, ఇనుప ఖనిజం నిల్వలకు చేరువలో ఉన్న పాతనగరం, గాజువాక వైపు ఇళ్లలో సన్నని నల్ల, ఎర్ర ధూళి నిత్యం పడుతుంది. ట్రే తెరిచి ఉంచితే అది నేరుగా లెన్స్ మీదే కూర్చుంటుంది. స్లిమ్ డ్రైవ్‌లలో లెన్స్ ట్రేతో పాటు బయటికి వస్తుంది కాబట్టి ఈ ముప్పు మరీ ఎక్కువ. లాభం కూడా అక్కడే ఉంది: మెత్తని పొడి బ్రష్‌తో లెన్స్‌ను తుడవడం సులువు. డిస్కును మధ్య కుదురు మీద క్లిక్‌మనే దాకా నొక్కి కూర్చోబెట్టాలి. ట్రే ఇరుక్కుంటే ముందు వైపు ఉన్న సూది రంధ్రంలో సన్నని పిన్ను గుచ్చితే తెరుచుకుంటుంది. డిస్కును మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు.

డిస్కును దించుకోవడం

చదవగలుగుతున్న డేటా డిస్కును ఫైళ్లుగా మాత్రమే కాక ఐఎస్‌ఓ ఇమేజ్‌గా కూడా దించుకోవచ్చు. ఇమేజ్‌లో డిస్కు నిర్మాణం యథాతథంగా ఉంటుంది, తర్వాత డ్రైవ్ లేకుండానే విండోస్‌లో తెరుచుకుంటుంది. మాన్యువల్స్, పాత సాఫ్ట్‌వేర్, డైకామ్ సీడీలకు ఇది సరైన పద్ధతి. కొన్ని చోట్ల చదవలేని డిస్కులకు లినక్స్‌లోని డీడీరెస్క్యూ ఉపయోగపడుతుంది. అది బాగున్న భాగాలను ముందు తీసుకుని, మొండి భాగాలకు మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక డ్రైవ్‌లో చదవని డిస్కు మరో కంపెనీ డ్రైవ్‌లో చదవడం తరచూ జరిగే విషయమే. పారేసే ముందు రెండో డ్రైవ్‌లో చూడాలి.

కార్యాలయాలైతే ఈ పనిని ఇంకా వాయిదా వేయకూడదు. సోనీ 2025 ఫిబ్రవరిలో రాయదగిన బ్లూ-రే డిస్కుల తయారీని నిలిపివేసింది. డ్రైవ్‌లు తయారుచేసే కంపెనీలూ తగ్గుతున్నాయి. బీరువాలో డిస్కులున్న ప్రతి ఆసుపత్రి, గ్రంథాలయం, వర్క్‌షాప్ పనిచేసే డ్రైవ్‌లు రెండు కొని ఉంచుకుని, ముందుగా ఇంట్లో లేదా ఆఫీసులో రాసిన డిస్కులను, ఆ తర్వాత ఫ్యాక్టరీలో అచ్చయిన వాటిని హార్డ్ డిస్క్‌లోకి దించుకోవాలి.